ఆవిరికి తాళం

ఆ పసిగుడ్డును చలికి వదిలింది మేడ మీది మిషన్ కాదు, బిల్డింగు కమిటీ పెద్దలారా, మీరు. కాదనేవాళ్ళు మా మూడో అంతస్తుకొచ్చి చొక్కా విప్పి పది నిమిషాలు కూర్చోండి. తర్వాత మాట్లాడుకుందాం.

మా అక్క కూతురు నెలలు నిండకుండా పుట్టింది. గది ఇరవైనాలుగు డిగ్రీలకు తగ్గకూడదని డాక్టరమ్మ మరీ మరీ చెప్పి పంపింది. గదిలో ఉన్నది పదిహేను. చేసేది లేక మా బావను హీటరుగా నియమించాం. పాపను గుండెల మీద పడుకోబెట్టుకుని, పైన దుప్పటి కప్పుకుని, మూడు రోజులుగా ఆయన కదలడం లేదు. అన్నానికి లేస్తే ఆ డ్యూటీ నాది.

మేడ మీద పెట్టిన హీట్ పంపు బిల్డింగు మొత్తాన్నీ చలికాలం వెచ్చగా, ఎండాకాలం చల్లగా ఉంచాలి. చలి మొదలైన వారానికే దాంట్లోంచి తెల్లగా పొగ లేచింది. ప్రెసిడెంటుగారు వీధిలోంచి చూశారు. మోకాళ్ళ నొప్పులు, పైకెక్కలేదు. పొగ కనిపిస్తే ఆపెయ్యాలని కమిటీ తీర్మానించింది. స్విచ్చు పెట్టెకు తాళం వేసి, తాళంచెవి వాచ్‌మన్ తాత మెడలో వేసింది. తాత మాట తప్పే మనిషి కాదు. మేడ మీద కుర్చీ వేసుకుని, ఉన్ని టోపీ పెట్టుకుని, పొగ లేచినప్పుడల్లా ఆపాడు. గంటాగి మళ్ళీ వేశాడు. మిషన్ మీద మంచు గడ్డకట్టింది. ఇళ్ళు చల్లబడ్డాయి. మిషన్ నాసిరకమని కమిటీ తేల్చేసింది.

నేను మెకానిక్‌ను వెంటబెట్టుకొచ్చాను. ఆవిడ మంచుగడ్డను చూసింది, తాతను చూసింది, ప్రెసిడెంటును పిలిపించమంది. మోకాళ్ళతో సహా వచ్చారాయన.

ఇది వేడి పుట్టించదు, మోత కూలీలా మోస్తుందంతే అని ఆవిడ చెప్పింది. ఈ చలిలో మోయడానికి బయట వేడెక్కడుందని ప్రెసిడెంటు నవ్వారు. చల్లగాలిలోనూ కాస్త వేడి ఉంటుందట. గొట్టాల్లో తిరిగే గ్యాసు ఆ గాలికన్నా చల్లన కాబట్టి ఆ వేడి దాంట్లోకి దిగుతుంది. ఆ గ్యాసును గట్టిగా నొక్కితే కాగిపోతుంది, ఆ వేడే మన గదులకొస్తుంది. ఎండాకాలం ఇదే పని తిరగేసి, లోపలి వేడిని బయట పారబోస్తుంది. వేడి లాగేసిన గొట్టాల మీద గాలిలోని తేమ మంచుగా పేరుకుంటుంది. అందుకే మిషన్ మధ్యమధ్యలో తనంతట తనే పని తిరగేసి, ఇంట్లోంచి కాస్త వేడి తెచ్చుకుని ఆ మంచు కరిగించుకుంటుంది.

"అప్పుడు లేచేది ఆవిరండీ. స్నానానికి నీళ్ళు కాచుకుంటే లేవదూ? తువ్వాలు చుట్టుకుని వీధిలోకి పరిగెత్తుతారా మీరు?"

తాత నవ్వబోయి దగ్గాడు.

ఆవిడ మిషన్‌ను నడిపించింది. ఆవిరి లేచింది. తాత చెయ్యి తాళంచెవి మీదికి పోయింది.

"వదిలెయ్ తాతా," అన్నాను.

కాసేపటికి ఆవిరి దానంతటదే ఆగింది. సాయంత్రానికి గది ఇరవైనాలుగు. బావ లేచి ఒళ్ళు విరుచుకున్నాడు. పాప మొదటిసారి కాళ్ళు చాపి పడుకుంది.

మర్నాడు పొద్దున మళ్ళీ పదిహేడు. మేడ మీదికెళితే, రాత్రి ఆవిరి లేచినప్పుడల్లా ఆపానన్నాడు తాత. ప్రెసిడెంటు దగ్గరికి పోయాను.

"మెకానిక్ చెప్పింది నిజమేనమ్మా," అన్నారాయన. "కానీ తీర్మానం తీర్మానమే. మార్చాలంటే మీటింగు పెట్టాలి. అది తొమ్మిది రోజుల తర్వాత."

తొమ్మిది రోజులు ఆగడం పాప వల్ల కాదు. తాత మెడలోంచి తాళంచెవి తీసి మాకివ్వండి. ఇవాళే, చీకటి పడేలోగా. ఇవ్వకపోతే ప్రెసిడెంటుగారే మూడో అంతస్తుకు రావాలి, చొక్కా విప్పి పడుకోవాలి. మా బావ డ్యూటీ దిగుతాడు.