పానా చోటు

ఆ రోజు ఇంట్లో అత్తగారు, మామగారు, భర్త, పుట్టింటికి వచ్చిన ఆడపడుచు, ఆమె కూతురు ఉన్నారు. ముందుగదిలో పాస్టరుగారూ ఆయన భార్యా ఉన్నారు. పనికి సెలవు పెట్టిన ఆ ఇంటి కోడలు కూడా ఉంది. కానీ వంటగదిలో ఉన్న మనిషిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

టీ గిన్నె దించడానికి మసిగుడ్డ దొరక్క, తలుపు వెనక తగిలించిన తన పని కోటు జేబులో చెయ్యి పెట్టింది. ఇనుము చల్లగా తగిలింది. చిన్న పానా.

అది షెడ్డుది. కొండల్లో రోడ్డు లేని ఊళ్ళకు మందులనూ రోగులనూ బోధకులనూ మోసే మిషన్ వారి చిన్న విమానం ఉండే షెడ్డు. అక్కడే ఆమె మెకానిక్ పని నేర్చుకుంటోంది. గోడ పలక మీద ప్రతి పనిముట్టు ఆకారమూ నల్లరంగుతో గీసి ఉంటుంది. ఒక్క చోటు ఖాళీగా ఉన్నా విమానం కదలదు. కనబడని పనిముట్టు ఇంజన్‌లో ఉండిపోలేదని ఎవరు చెప్పగలరు? "పానా గేటు దాటిందంటే, దాంతోపాటు మనిషీ దాటాల్సిందే" అని చేరిన రోజునే చెప్పాడు పని నేర్పే మేస్త్రి.

నిన్న సాయంత్రం అత్తగారు షెడ్డుకే ఫోన్ చేసింది. "మీ మామయ్య కళ్ళజోడు కనబడట్లేదమ్మాయ్, ఉన్నపళంగా రా." చేతిలో ఉన్నది జేబులో పడేసుకుని పరుగెత్తుకొచ్చింది. కళ్ళజోడు ఫ్రిజ్ మీద ఉంది.

"నా భార్య కూడా ప్రభువు సేవలో ఉంది" అని భర్త చర్చిలో చెబితే అందరూ చప్పట్లు కొడతారు. ఇంటికొచ్చాక అత్తగారు మొదలుపెడుతుంది. "నట్లు బిగించడం సేవైతే, మాకు ఇంత ముద్ద వండిపెట్టడం సేవ కాదా?" అంటుంది. "మా ఇంజనీరమ్మ విమానానికి సర్వీసింగ్ చేస్తుందట, మన టీ సర్వీసు ఎప్పుడో!" అని మామగారు నవ్వుతాడు. ఆయన నవ్వాడు కాబట్టి ఆమె కూడా నవ్వాలి. ఎటు తిరిగినా సేవే. మంచం మీద వాలినా కాళ్ళు ఇంకా నడుస్తున్నట్టే ఉంటాయి. షెడ్డులో తను చేసిన పని బాగుందని తనే అనుకోకూడదు, ఇంకొకరు చూసి సరే అనాలి. ఇంట్లోనూ ఆమె పనిని ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు. సరే అనడమే మర్చిపోతారు.

ముందుగదిలోకి తొంగి చూసి, "నా ఫోనేదీ?" అని అడిగింది.

"పొద్దున్నుంచీ పిల్ల ఆడుకుంటోంది వదినా. ఎవరో ఒకటే ఫోన్లు చేస్తున్నారట, ఆట ఆగిపోతోందని కట్ చేసేస్తోంది" అంది ఆడపడుచు.

భర్తను వంటగదిలోకి పిలిచి పానా చూపించింది. ఆయన గొంతు తగ్గించాడు.

"ఎవరికీ చెప్పకు. రేపు వెళ్ళి బల్ల వెనక దొరికిందను."

"అప్పటిదాకా విమానం ఎగరదండీ. కొండమీద రోగులు ఎదురుచూస్తుంటారు."

"నిన్ను తీసేస్తే పాస్టరుగారి ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

తీసేస్తారనే ఆమెకూ భయం. తనదంటూ ఉన్నది ఆ పని ఒక్కటే. అయినా ఫోన్ తీసుకుని మేస్త్రికి చేసింది. "పానా నా దగ్గరే ఉందండీ. నేనే తెచ్చేశాను." ఆయన వెనక ఎవరో రేకులు జరుపుతున్న చప్పుడు. "ఇంజన్ సగం విప్పేశాం. పట్టుకురా" అన్నాడు.

ఇంట్లో ఏది పోయినా వెతికేది ఆమె ఒక్కతే. అక్కడ ఇంతమంది వెతుకుతున్నారు.

కోటు వేసుకుంది. అత్తగారు గుమ్మంలో నిలబడింది. "ఇంటినిండా మనుషుల్ని పెట్టుకుని ఎక్కడికి? వెళ్ళావంటే తలుపేసేస్తాను, తెలుసా?"

"టీ కాగింది అత్తయ్యా, వడపోయడమే" అని చెప్పి, పక్కనుంచి తప్పుకుని వెళ్ళిపోయింది.

షెడ్డులో మేస్త్రి పానా తీసుకుని దాని చోట తగిలించాడు. "చెప్పకుండా తగిలించి ఉంటే ఈపాటికి గేటు బయట ఉండేదానివి. రా, విప్పినవి బిగించు" అన్నాడు. ఆమె బిగించింది. ఆయన ఒక్కొక్కటీ టార్చి వేసి చూసి, "సరే" అన్నాడు.

ఇక వెళ్ళొచ్చా అని అడగబోయింది. ఏ ఇంటికి వెళ్ళాలో తెలియలేదు.

"ఎక్కు" అన్నాడు మేస్త్రి.

"నేనా?"

"ఇంజన్ బిగించాక గాల్లో ఒక చుట్టు తిప్పి చూడాలి కదా. బిగించినవాళ్ళే ఎక్కాలి. అది మా షెడ్డు పద్ధతి. నీ పని మీద నీకు నమ్మకం ఉందా లేదా?"

ముందు సీట్లో పైలట్ నవ్వాడు. ఆమె మెట్టు మీద కాలు పెట్టింది. ఇంటి తలుపు ఈపాటికి వేసేసే ఉంటారు. వేసుకోనీ అనుకుంది. సీట్లో కూర్చుంది. పొద్దున్నుంచీ కూర్చోవడం అదే మొదటిసారి.

"చెయ్యి తియ్యమ్మా" అని, మేస్త్రి బయటినుంచి తలుపు వేశాడు.