పైన దూకితే కింద సున్నం

పైన ఎవరో దూకారు.

కింద సున్నం రాలింది.

తెల్లగా... సన్నగా... ఎవరో జల్లెడ పట్టినట్టు. ఇప్పుడే ఇస్త్రీ చేసి మడత పెట్టిన నల్లకోటు మీద వాలింది.

ఆమె వంగి ఉఫ్ మని ఊదింది. చేత్తో దులిపితే అంటుకుంటుంది. ఊదితే పోతుంది. ఆ లాండ్రీలో చేరాక ఆమె నేర్చుకున్న మొదటి విద్య అదే.

మళ్ళీ ధబ్.

మళ్ళీ సున్నం.

"ఏం చేస్తున్నారు పిన్నీ పైన?"

"గెంతుతున్నారు," అంది లాండ్రీ పిన్ని, పళ్ళ మధ్య పిన్నీసు తియ్యకుండానే. ఆ షాపు ఆవిడదే. "పిల్లలు కాదు తల్లీ, గాడిదల్లాంటి పెద్దాళ్ళు. పగలంతా ఉద్యోగాలు చేసుకుని, సాయంత్రమయ్యేసరికి పైకెక్కి గెంతుతారు. బాలే డాన్సంట, మునివేళ్ళ మీద. ఊరికే కూడా కాదు, డబ్బులిచ్చి మరీ గెంతుతారు!"

ఎందుకూ...

ఆమెకి అనుమానం వచ్చింది.

ఆమెకి దేని మీదైనా అనుమానమే. పాలు తొందరగా పొంగితే అనుమానం. తన పాప కాసేపు ఎక్కువ పడుకుంటే అనుమానం — వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. పాప ఊరికే నవ్వితే, ఒళ్ళు కాలుతోందేమోనని నుదురు తడిమేది. ఎవరైనా మంచిగా మాట్లాడితే... ఇక చెప్పనే అక్కర్లేదు.

షాపు మూల, పైకప్పులో ఒక కన్నం ఉంది. ఒకప్పుడు ఆవిరి గొట్టం పోయేదట అందులోంచి. గొట్టం తీసేశారు. కన్నం పూడ్చలేదు.

అందులోంచి పియానో దిగేది. మెట్టు మెట్టుగా. తడిబట్టల మీదకి.

ఆమె ఇస్త్రీపెట్టె ఆ పాటతోపాటే జరిగేది. ఆమె అది గమనించుకోలేదు. పిన్ని గమనించింది.

*

పై హాలు తెరలు ఉతికి, తగిలించడానికి ఆమె మొదటిసారి మెట్లెక్కింది.

కొక్కేలు అందలేదు. మునివేళ్ళ మీద లేచింది. ఒకటి తగిలించి, పక్కకి జరిగి, ఇంకోటి తగిలించి... దిగకుండా అలాగే కిటికీ ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళిపోయింది.

వెనక ఎవరో దగ్గారు.

బాలే నేర్పే టీచరు. పొట్టి మనిషి. ఎప్పుడూ జలుబు. బుగ్గలో ఎప్పుడూ ఒక దగ్గుబిళ్ళ.

"నువ్వు దిగలేదు," అంది.

"ఏంటండీ?"

"మడమలు. తెర అయ్యేదాకా కింద పెట్టలేదు. నేర్చుకుంటావా?"

ఎందుకడిగినట్టు?

ఏం కావాలి ఈవిడకి? తెరలు ఊరికే ఉతికించుకుందామనా? నన్ను నలుగురిలో నిలబెట్టి నవ్వుకుందామనా?

తల అడ్డంగా ఊపి, కిందకి వచ్చేసింది. ఇస్త్రీపెట్టె అందుకుంది.

మడమలు మాత్రం దిగలేదు.

ఆమెని తొమ్మిదో క్లాసులో బడి మానిపించారు. ఇంట్లో చిన్నపిల్లలు, చూసేవాళ్ళు లేరు. అప్పట్నుంచి ఆమె ఏది నేర్చుకున్నా ఎవరో ఒకరి కోసమే. వంట, ఇంటివాళ్ళ కోసం. ఇస్త్రీ, జీతం కోసం. జోలపాట, పాప కోసం.

ఇదొక్కటే ఎవరికీ పనికిరానిది.

అందుకే కావాలనిపించింది.

*

ఇంట్లో అత్త.

భర్త దూరాన ఓడరేవులో పని చేస్తాడు. సెలవు దొరికితే వస్తాడు. దొరక్కపోతే ఫోను. ఆ ఫోను ముందు అత్తకి, తర్వాత పాపకి, ఏమైనా మిగిలితే ఆమెకి.

అత్త గొంతుకి ఎత్తుపల్లాలు లేవు. తిట్టినా అదే గొంతు, మెచ్చుకున్నా అదే గొంతు. కాపరానికొచ్చిన కొత్తలో, "ఇదేం కూర!" అంది. అని, మళ్ళీ వడ్డించుకుంది. ఆమెకి ఇప్పటికీ తెలీదు... ఆ కూర బాగుందో లేదో.

కానీ ఒక మాట మాత్రం బాగా తెలుసు. పాప మెట్ల మీంచి జారి మోచెయ్యి గీసుకున్న రోజు అన్న మాట.

"దీన్ని వాడి దగ్గరికి తీసుకుపోతా. అక్కడ నేనే పెంచుకుంటా. నువ్వు నీ ఇస్త్రీపెట్టెని పెంచుకో."

జోకో... నిజమో...

ఆ మాట ఆమె పక్కటెముకల్లో ఎక్కడో ముల్లులా దిగి, అక్కడే ఉండిపోయింది. ఊపిరి పీల్చినప్పుడల్లా తగిలేది.

అందుకే, డాన్సులో చేరానన్న నిజం చెప్పలేదు.

"షాపులో పని ఎక్కువగా ఉంది అత్తయ్యా. కొన్ని రోజులు ఆలస్యమవుతుంది."

"ఊఁ," అంది అత్త.

అంతే. ఊఁ.

ఎందుకని అడగలేదు. పిల్ల ఏడుస్తుందనలేదు. నాకు నడుం నొప్పి అనలేదు. చారెడంత పనికి మూరెడు సణిగే మనిషి... ఒట్టి ఊఁ!

ఆమె చెప్పులు వేసుకుంటూ ఆ ఊఁని తిప్పి తిప్పి చూసింది. ఎక్కడా అతుకు కనిపించలేదు.

*

హాల్లో గోడ పొడుగునా ఒక కర్ర కడ్డీ. అద్దం. పాత పియానో.

కడ్డీ పట్టుకుని మోకాళ్ళు వంచడం. లేవడం. వంచడం. లేవడం. ఇంత చిన్న పనికి ఇంత పెద్ద హాలా?

ఆమె పక్కన రిటైరైన బ్యాంకాయన నిలబడేవాడు. బట్టతల. బిగుతు పైజమా. ఆయన మోకాలు వంచినప్పుడల్లా టక్కుమనేది.

"భయపడకండమ్మా," అనేవాడు. "తాళం వేస్తున్నా."

ఆమెకి నవ్వొచ్చేది. వెంటనే నోరు మూసుకునేది. నవ్వు కన్నంలోంచి కిందకి దిగుతుందేమోనని.

"కాలు ఎత్తకు," అనేది టీచరు, బిళ్ళ ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకుంటూ. "నేలకి ఆనించి జరుపు. నేలని ఇస్త్రీ చెయ్యి."

అది ఆమెకి చెప్పాలా!

పాదం జరిగింది. బరువుగా, వెచ్చగా, మడత లేకుండా. చివరికి వేళ్ళ కొసల్లో ఆవిరిలా లేచింది.

హాలంతా ఆగి చూసింది.

ఆమె చెవులు వేడెక్కాయి. ఎందుకు చూస్తున్నారు? మేజోడులో బొటనవేలి దగ్గర చిరుగు గానీ కనిపించిందా?

తిరగడం మాత్రం రాలేదు.

"ఎదురుగా ఒక చుక్క పెట్టుకో," అనేది టీచరు. "ఒళ్ళు తిరిగిపోయినా చూపు దాన్ని వదలకూడదు. తల ఒంటికంటే వెనక బయల్దేరాలి, ఒంటికంటే ముందు చేరాలి. అప్పుడు కళ్ళు తిరగవు."

ఆమె చూపు తలుపు మీద పెట్టేది.

ఎవరైనా వస్తారేమో. అత్త వస్తుందేమో. పాపకి ఏదైనా అయ్యి, ఎవరైనా పరిగెత్తుకుంటూ...

తిరిగేది. తలుపు గాలికి కొంచెం తెరుచుకునేది. ఆమె బ్యాంకాయన మీద పడేది.

"తలుపు వైపు చూడకు. అది కదులుతుంది. గోడని చూడు. గోడ ఎక్కడికీ పోదు."

గోడని చూసేది. గోడకి అవతల ఎవరున్నారో, అనుకునేది.

మళ్ళీ పడేది.

*

తర్వాత గుర్తులు మొదలయ్యాయి.

ముందు, పాపిడి. పాపకి ఆమె ఎడమవైపు తీస్తుంది. ఒకరోజు ఇంటికొచ్చేసరికి కుడివైపు ఉంది. బాగా బిగించి, నున్నగా దువ్వి. ఎవరింటికైనా తీసుకెళ్ళేటప్పుడు దువ్వినట్టు.

"ఎక్కడికైనా వెళ్ళారా అత్తయ్యా?"

"ఎక్కడికెళ్తాం, మాకేం రెక్కలున్నాయా?"

రెక్కలు... ఆ మాటే ఎందుకు దొరికింది ఆవిడకి?

తర్వాత, ఫోను. ఆమె గుమ్మంలోకి అడుగు పెట్టగానే అత్త గొంతు ఆగిపోయేది. "సరే, వచ్చింది, పెట్టేస్తున్నా." వచ్చింది అంటే ఎవరు? పేరు లేదు, పిలుపు లేదు. వచ్చింది... వానలా, జ్వరంలా.

తర్వాత, పాప ఆట.

పాప నేల మీద కూర్చునేది. తల పైకెత్తి ఇంటి కప్పు వైపు చూసేది. "ధబ్!" అనేది. రెండు చేతులూ తల మీద పెట్టుకుని ఎదురు చూసేది.

ఏమీ రాలేది కాదు.

పాప మొహం చిన్నబోయేది. మళ్ళీ, "ధబ్!"

ఆమె పాప పక్కనే చతికిలబడింది.

పాపని ఒళ్ళోకి లాక్కుంది. జుట్టు వాసన చూసింది. పాపిడిలో తెల్లగా ఏదో పొడి. పౌడరేమో... వేలితో తీసి నాలిక కొసన పెట్టుకుంది.

చప్పగా. తర్వాత చిన్న మంట.

ఆ రుచి ఆమెకి తెలుసు. లాండ్రీలో ఆమె అన్నం డబ్బాలో రాలే రుచి అది.

ఆ సున్నం ఇంకే కప్పు నుంచీ రాలదు.

*

"మా అత్తయ్య గానీ వచ్చిందా పిన్నీ?"

"రాలేదే!"

మరీ తొందరగా అంది. అంటూ, ఇస్త్రీ అయిపోయిన చొక్కానే మళ్ళీ ఇస్త్రీ చేసింది.

ఆమె పక్కనే నిలబడి, ఆ చొక్కా అంచు గోధుమరంగులోకి తిరగడం చూసింది.

హాలు మెట్లు సందువైపు. షాపు తలుపు వీధివైపు. ఆమె సందులోంచి ఎక్కి, సందులోంచే దిగి, ఇంటికి పరిగెత్తేది. వీధివైపు ఏం జరుగుతోందో ఎప్పుడూ చూడలేదు. ఆమె బట్టలు మార్చుకుని దిగేలోపే వాళ్ళు ఇల్లు చేరేవాళ్ళేమో.

మరి అత్త ఎందుకొస్తోంది? తెలిస్తే నిలదీయొచ్చుగా? పైకొచ్చి జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోవచ్చుగా?

సాక్ష్యం పోగు చేస్తోంది... అంతే అయ్యుంటుంది. "తల్లి గెంతుతూ తిరుగుతోంది, పిల్ల నా చేతుల్లో ఉంది" అని కొడుక్కి చూపించడానికి. ఆ తర్వాత ఒకరోజు ఆమె ఇంటికొచ్చేసరికి ఇంట్లో పాప చెప్పులు ఉండవు.

మానేద్దామనుకుంది.

మెట్ల దగ్గరదాకా వెళ్ళి ఆగింది. పియానో మొదలైంది.

మడమలు వాటంతట అవే లేచాయి.

దొంగమడమలు.

*

ఆ సాయంత్రం టీచరు మంచినీళ్ళకి వదిలింది.

ఆమె మూలకి వెళ్ళింది. గొట్టం కన్నం దగ్గర, కాళ్ళు చాపి ఒళ్ళు విరుచుకుంటున్నట్టు బోర్లా పడుకుంది. చెంప నేలకి ఆనించింది. ఒక కన్ను మూసింది.

కింద, ప్లాస్టిక్ కుర్చీ.

కుర్చీలో ఒక తెల్లజుట్టు పాపిడి. ఆ ఒళ్ళో చిన్నతల. చిన్నతల మీద మడత పెట్టిన తువ్వాలు — సున్నం పడకుండా. పాప ఆ తువ్వాలుని లాగేస్తోంది. అత్త మళ్ళీ కప్పుతోంది. పాప లాగేస్తోంది.

పిన్ని ఇస్త్రీ ఆపి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, పైకి చూస్తోంది.

అందరూ కప్పునే చూస్తున్నారు. ఎవరికీ ఆమె కన్ను కనిపించలేదు.

అత్త చేతిలో ఫోను ఉంది. దాన్ని కప్పు వైపు ఎత్తి పట్టుకుంది.

"ఇందాక ధబ్ మని వినిపించిందా? అది మీ ఆవిడే. పని ఎక్కువగా ఉందంటే, ఇదీ పని."

అదే గొంతు. ఎత్తూ లేదు, పల్లమూ లేదు. కూర బాగుందో లేదో తెలియని గొంతు.

బట్ట ఏదైనా చేత్తో ముట్టుకుంటే చాలు, ఏది లోపలివైపో ఏది బయటివైపో చెప్పేస్తుంది ఆమె. ఈ గొంతు మాత్రం... రెండు వైపులా ఒకేలా ఉంది.

అవతల భర్త ఏమన్నాడో వినపడలేదు.

"ఊఁ," అంది అత్త. చాలాసేపటికి, మళ్ళీ, "ఊఁ." తర్వాత, "నేను చెప్తే ఏం తెలుస్తుంది? నువ్వే వచ్చి చూడు."

చూడటానికా... తీసుకుపోవడానికా?

ఆమె లేచింది.

తలుపు అక్కడే ఉంది. తలుపు దాటితే మెట్లు, మెట్లు దిగితే సందు, సందు తిరిగితే వీధి. పాపని లాక్కుని గుండెకి అదుముకోవచ్చు. కాళ్ళ మీద పడొచ్చు. మానేస్తానని చెప్పొచ్చు.

"రండి, ఆఖరిది," అంది టీచరు. "మూల నుంచి మూలకి. పరుగు, దూకు."

ఒక్కొక్కరే వెళ్ళారు. బ్యాంకాయన దూకాడు. కిటికీలు గలగలలాడాయి. ఆయనే చప్పట్లు కొట్టుకున్నాడు.

"నీ వంతు."

ఆమె కదల్లేదు. తలుపు వైపు చూసింది.

అప్పుడు కన్నంలోంచి వచ్చింది. సన్నగా. మెట్టు మెట్టుగా. కింద నుంచి పైకి.

"అమ్మా... ధబ్!"

పాపకి తెలుసు.

అత్త నేర్పిందా? పాపే కనుక్కుందా? సున్నం పడ్డప్పుడల్లా ఎవరో చెప్పి ఉండాలి కదా... అది మీ అమ్మేనని. ఎలా చెప్పి ఉంటుంది? నవ్వుతూనా? పళ్ళు కొరుకుతూనా?

"అమ్మా ధబ్! అమ్మా ధబ్!"

ఆమె తలుపుని వదిలేసింది. గోడనీ వదిలేసింది. చూపు తెచ్చి, మూలనున్న ఆ నల్లటి కన్నం మీద పెట్టింది.

అది కదల్లేదు.

పరుగెత్తింది. నేల వెచ్చగా వెనక్కి జరిగింది. పియానో ఒక్క క్షణం ఆగినట్టయింది.

దూకింది.

కింద ఎవరో ఊపిరి బిగబట్టారు. పాపో... అత్తో... ఫోనులో ఆయనో...

గాల్లో ఉంది. ఇంకా గాల్లోనే ఉంది.

మడమలు ఇంకా దిగలేదు.

కింద, సున్నం ఇంకా రాలలేదు.