రెండో పొట్లం

లుంగీని బండమీద పరిచి సబ్బు రుద్దబోయిన సునంద చెయ్యి ఆగిపోయింది. గంజి పెట్టినట్టు గట్టిపడిన పచ్చటి మరక. పొద్దున పెరటి దడి వెనక పెనిమిటి వీరేందర్ పళ్లు బిగబట్టి మూలగడం విన్నది. ఏమైందని అడిగితే కసురుకున్నాడు. నోటితో చెప్పకపోతే మాత్రం ఏం దాగుతుంది, బట్టలు ఉతికేది ఆమే కదా. మరక పోయేదాకా రుద్దింది. అత్త చూడకుండా దడిమీద ఆరేసింది. ఎవరి సిగ్గును తను దాస్తోందో ఆలోచించే తీరిక కూడా అప్పుడు లేదు, పొయ్యిమీద ఎసరు మరుగుతోంది.

జూలూరుపాడు దాటాక అడవి అంచున ఉంటుంది వాళ్ల ఊరు. వీరేందర్ జామాయిల్ దుంగల లారీ డ్రైవరు. ఆ ఎండాకాలం దూరపు ట్రిప్పులకు పోయి వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఒంటికి పోతే మంట, చీము. భార్యకు చెప్పలేనిది తల్లికి చెప్పాడు, అదీ సగమే.

"పొద్దంత ఇంజను పక్కన కూసుంటే వేడి చెయ్యదా మరి?" అన్నది అత్త మంగమ్మ. "దానికి తోడు నువ్వు పెట్టే తిండి. పొద్దున ఎల్లిపాయ కారం, మాపున వంకాయ. మొగోని ఒళ్లు ఏమైతదని ఒక్కనాడన్న సోయి ఉన్నదానే నీకు?"

అట్లా ఆ జబ్బు వీరేందర్ ఒంట్లోంచి సునంద వంటలోకి వచ్చింది. ఇక ఇల్లంతా అతని మంట చుట్టూ తిరిగింది. సునంద తెల్లారకముందే లేచి పక్కింటి చిన్నక్కతో పాటు అడవికి పోయి బీడీల తునికాకు కోసుకొచ్చేది. మూట దించిన వెంటనే బార్లీ నీళ్లు కాచాలి, సబ్జా గింజలు నానబెట్టాలి, మజ్జిగ పలచగా చిలకాలి. అవన్నీ చెంబులో పోసి అతని మంచం దగ్గర పెట్టాకే ఆకు కట్టలు కట్టడానికి కూర్చునేది. పొత్తికడుపులో అప్పటికే సన్నగా పోటు మొదలైంది. తెల్లబట్ట అవుతోంది. ఒకసారి అత్తతో అనబోయింది. "ఆడదానికి ఉండనే ఉంటయి. దాన్ని గూడ ముచ్చట చేస్తవా?" అన్నదామె. నిజమే అనుకున్నది. ఒంటి సంగతులు చెప్పే పాఠం పదో తరగతిలో వస్తుందట. సునందను తొమ్మిదిలోనే బడి మాన్పించారు.

భయం మాత్రం తనకోసం కాదు, పావని కోసం. రెండేళ్ల పిల్ల, తండ్రి తువ్వాల కనబడితే చాలు, ముఖానికి చుట్టుకొని ఆడుతుంది. సునంద ఆ తువ్వాలను ఎత్తుగా చూరుకు దోపేది, పిల్ల బట్టలు వేరే బకెట్లో నానేసేది. ఎందుకో అడిగితే చెప్పగల మాట ఆమె దగ్గర లేదు.

ఆఖరికి వీరేందర్ లారీ దోస్తు వెంట మండలం దవాఖానకు పోయి వచ్చాడు. జేబులోంచి రెండు కాగితం పొట్లాలు తీశాడు. "ఏం చెప్పిన్రు?" అన్నది సునంద, నీళ్ల గ్లాసు అందిస్తూ.

"ఏం చెప్తరు? వేడి అన్నరు."

"రెండూ ఇప్పుడే ఏసుకోమన్నరా?"

"డాక్టరు నువ్వా, నేనా?"

అన్నీ ఒక్కసారే అరచేతిలో పోసుకొని మింగాడు. అన్నం తిన్న కాసేపటికే వాకిట్లో వంగి భళ్లున కక్కుకున్నాడు. కొడుకు వీపు నిమురుతూ మంగమ్మ అరిచింది: "కూరల ఏం ఏసి చచ్చినవే? వాని పానం తీస్తవా?" సునంద బూడిద తెచ్చి చల్లింది. అన్నం మెతుకుల మధ్య సగం కరిగిన గోళీల ముక్కలు తెల్లగా కనబడ్డాయి. చీపురుతో ఎత్తి పెంటకుప్పలో పోసి, ఆ జాగాను పేడతో అలికింది.

అయినా ఒంట్లో నిలిచిన మేరకు మందు పనిచేసింది. మంట చల్లారింది, లుంగీమీద మరక లేదు. మంగమ్మ సంబరంగా ముత్యాలమ్మ గుడి ముందు కల్లు సాక పోసింది. వీరేందర్ మళ్లీ నవ్వుతున్నాడు. ఆ సాయంత్రమే, "పిల్లను అమ్మ పక్కన పండబెట్టు" అన్నాడు. కడుపులో నొప్పి అని సునంద అంటే, "నీకు ఎప్పుడూ ఏదో ఒకటి. ఇన్నొద్దులు నేను పడలేదా?" అన్నాడు. అవును, అతను పడ్డాడు. అది ఇల్లంతా చూసింది.

తర్వాత పోటు నడుములోకి పాకింది. ఒకరోజు ఆకు కోస్తుంటే ఒళ్లు కాలిపోయి, చెట్టు మొదట్లోనే చతికిలబడింది. చిన్నక్క ఆమె మూటను తన మూటమీద వేసుకొని, "దవాఖానకు పో పిల్లా. అత్తను అడగకు, పో" అన్నది. మర్నాడు పావనికి టీకా ఉన్నదని ఇంట్లో చెప్పి సునంద జీపెక్కింది.

మండలం దవాఖానలో డాక్టరమ్మ పరీక్ష చేసి లేచింది. నర్సు నాగలక్ష్మి తెరను అడ్డంగా లాగి, ఊరూ పేరూ అడిగింది. పెనిమిటి పేరు వినగానే గొంతు తగ్గించింది.

"ఆయనకు నయమైందా?"

"అయిందక్కా."

"మరి నీ మందు ఏసుకున్నవా?"

"నాకేం మందు?"

నర్సు ఆమెను వింతగా చూసింది. "రెండు పొట్లాలు ఇచ్చినం గదమ్మా. ఒకటి ఆయనది, ఒకటి నీది. ఈ జబ్బు ఒకరి నుంచి ఒకరికి పోతది. ఇద్దరూ ఏసుకోవాలె, తగ్గేదాక దూరం ఉండాలె అని ఒకటికి రెండుసార్లు చెప్పినం. నా భార్యకు నేనే చెప్త అన్నడు."

సునందకు ఆనాడు వాకిట్లో చల్లిన బూడిద కళ్లకు కట్టింది. బూడిదలో తెల్లటి ముక్కలు. అతను ఆశపడి మింగలేదు, ఎక్కువ మింగితే జల్దీ తగ్గుతుందనీ కాదేమో. రెండో పొట్లం ఆమె చేతిలో పెట్టాలంటే దానితోపాటు జబ్బు ఎక్కడిదో ఒక మాట పెట్టాలి. ఆ మాట చెప్పడం కంటే మందు మింగడం అతనికి సులువైంది. కక్కితే తిట్లు తను పడింది. తన మందును తనే చీపురుతో ఎత్తి, పైన పేడతో అలికింది.

"మల్ల కడుపు నిలుస్తదా అక్కా?" అని అడిగింది.

నేలమీద కూర్చొని సీసా మూతతో ఆడుకుంటున్న పావని వైపు చూసింది నాగలక్ష్మి. "ఆలస్యమైందమ్మా. లోపల వాచింది. నిలవొచ్చు, నిలవకపోవచ్చు. ముందు ఈ గోళీలు ఒక్కపూట గూడ మానకు. ఆయన్ను దగ్గరికి రానియ్యకు."

ఇదివరకు ఏడవడానికి కూడా పని మధ్యలో జాగా వెతుక్కునేది. ఆరోజు తిరుగు జీపులో పిల్లను ఒళ్లో పెట్టుకొని, ఎవరు చూస్తున్నారో చూసుకోకుండా ఏడ్చింది.

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో మంగమ్మ, చిన్నక్క ఆకు కట్టలు కడుతున్నారు. వీరేందర్ గూట్లో అద్దం పెట్టుకొని గడ్డం గీసుకుంటున్నాడు, రేపు మళ్లీ లారీ. బండమీద అతని లుంగీ, తువ్వాల ఆమె కోసం పడి ఉన్నాయి. సునంద వాటిని పక్కకు జరిపి, పావని గౌను ఒక్కటీ ఉతికి ఆరేసింది. గ్లాసు నిండా నీళ్లు ముంచుకొచ్చి, అందరి మధ్యా గడపమీద కూర్చొని పొట్లం విప్పింది.

మంగమ్మ ముఖం విప్పారింది. "ఏం గోళీలే అవి? కడుపు పండేటందుకు ఇచ్చిన్రా?"

అద్దంలో వీరేందర్ చెయ్యి ఆగింది. సునంద గోళీలు మింగి, గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకున్నది.

"కాదత్తా. ఆనాడు నీ కొడుకు కక్కితే నేను ఎత్తిపోసిన గదా, అవే. అవి నావట."