క్యారియర్ నీళ్లు

నంద్యాల బస్సెక్కితే జయమ్మ ఎప్పుడూ కుడిపక్క కిటికీ దగ్గరే కూర్చుంటుంది. ఎండ ఆ పక్కే కొడుతుందని తెలిసినా సరే. ఊళ్లోకి వచ్చాక స్టేషనుకు పోయే మలుపులో ఒక ఎరువుల అంగడి ఉంది. దాని మీద మిద్దె. ఆ మిద్దె వసారాలో రామలక్ష్మి ఎప్పుడైనా నిలబడి ఉంటుందేమోనని ఆశ. తీరా కనిపిస్తే జయమ్మ ఏం చేస్తుందంటే తల తిప్పుకుంటుంది. ఒకసారి అట్లాగే తిప్పుకుంది కూడా. ఆ మాత్రానికే అంత ఎండలో మాడుతుంది. మనసుకు అంత తిక్క.

డెబ్బై ఎనిమిదిలో వీళ్లిద్దరూ ఆళ్లగడ్డ నుంచి రోజూ అదే బస్సులో నంద్యాల కాలేజీకి పోయేవాళ్లు. జయమ్మ ఆళ్లగడ్డ మిషన్ బడి మాస్టరు దేవదానం కూతురు. రామలక్ష్మి ఊరి బయట నల్లరేగడి చేలున్న రైతు శేషయ్య కూతురు. ఒకరిది చర్చి పక్క ఇల్లు, ఇంకొకరిది పెద్ద వాకిలి ఇల్లు. బస్సులో మాత్రం ఇద్దరికీ ఒకటే సీటు. జయమ్మ సగం కొరికిన జామకాయను రామలక్ష్మి లాక్కుని, కొరికిన వైపు నుంచే కొరికేది. ఆళ్లగడ్డలో ఎవరి కంటనన్నా పడితే రెండిళ్లలోనూ రచ్చ అయ్యేది. బస్సులో ఎవరు పట్టించుకుంటారు?

ఆ రోజుల్లో కాలేజీ ఆవరణలో నిలబడటానికి మూరెడు నీడ లేదు. ఎండాకాలం వస్తే నల్లరేగడి నేల నెర్రెలిచ్చేది. జేబులోంచి పెన్ను జారితే ఆ నెర్రెల్లోకి పోయి మళ్లీ కనబడేది కాదు. మధ్యాహ్నం పడమటి గోడ కాగి, లోపల పాఠం వినేవాళ్లు విస్తరాకుల్లా వాడిపోయేవాళ్లు. చెట్లు పెంచుకుంటామని పిల్లలు పోయి అడిగితే ప్రిన్సిపాలు నవ్వాడు.

"తాగడానికే నీళ్లు చాలక బోరు ఏడుస్తోంది. నాటిన రోజు అందరూ ఫోటో దిగుతారు. మర్నాటి నుంచి ఎవడు పోస్తాడు నీళ్లు?"

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. అందుకే పిల్లలకు ఒళ్లు మండింది.

జయమ్మకు ఆలోచన వచ్చింది కొళాయి దగ్గర. బస్సుల్లో వచ్చే పిల్లలందరూ మధ్యాహ్నం ఇంటి నుంచి తెచ్చుకున్నది తిని, అక్కడే చేతులు, క్యారియర్లు కడుక్కునేవాళ్లు. ఆ నీళ్లన్నీ గోడవారగా పారి బురదయ్యేవి.

"ఇవి ఎవురికీ పనికిరాని నీళ్లు కదా," అంది జయమ్మ. "ఎవురి చెట్టు దగ్గర వాళ్లు చెయ్యి కడుక్కుంటే సరిపాయ. సబ్బు మాత్రం పెట్టగూడదు."

"మెతుకులు పడితే చీమలు వస్తాయి," అంది రామలక్ష్మి.

"మెతుకులు కాకులకు ఏసి, నీళ్లు చెట్టుకు పొయ్యి."

అంతే, అదే కట్టుబాటు అయింది. రామలక్ష్మికి రేగడి సంగతి తెలుసు కాబట్టి గుంతలు తనే దగ్గరుండి తీయించింది. నెర్రెల్లో నీళ్లు ఇంకిపోకుండా ఎండు పేడ, వేరుశనగ పొట్టు కూరించింది. మేకలు రాకుండా బేతంచెర్ల నాపరాళ్ల లారీలు పారబోసి పోయిన బండ ముక్కలు ఏరి తెచ్చి, ప్రతి గుంత చుట్టూ నిలబెట్టారు. మొక్కలు అడవి శాఖ నర్సరీలో అడిగి తెచ్చారు. అన్నీ కానుగలే. వేపలు రెండే దొరికాయి. ఆ రెంటినీ జయమ్మ ఎవరికీ ఇవ్వకుండా దాచి, పడమటి గోడ పక్కన పక్కపక్కనే నాటింది.

"ఇది నాది, అది నీది. జంటగా పెరుగుతాయి," అంది.

రామలక్ష్మి ఆ వేపమొక్కను కాసేపు చూసి, "సరే," అంది. ఆ 'సరే' కొంచెం ఆలస్యంగా వచ్చిందని జయమ్మ అప్పుడు గమనించలేదు. సంతోషంలో ఉన్నవాళ్లు అట్లాంటివి గమనించరు.

మరుసటి రోజు నుంచి మధ్యాహ్నం గంట కొట్టగానే తమాషాగా ఉండేది. ప్రతి మొక్క దగ్గర ఒకరు గొంతుక్కూర్చుని చేయి కడుక్కునేవాళ్లు. జయమ్మ తన మొక్క మొదట్లో కూర్చుని పక్కకు చూసేది. రామలక్ష్మి వచ్చేది కాదు. దూరంగా కొళాయి దగ్గరకు పోయి, అక్కడ చేయి కడుక్కుని, క్యారియర్ కడుక్కుని, ఆ తర్వాత వచ్చి ఇంటి నుంచి తెచ్చుకున్న మరచెంబులోని తాగే నీళ్లు మొక్కకు వంచేది. రోజూ అంతే. చేతులు కడగడానికి తప్ప కొళాయి నీళ్లు పట్టనిచ్చేవాళ్లు కాదు, మధ్యాహ్నం దాటితే కట్టేసేవాళ్లు.

జయమ్మకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైందనుకుంది. అదే వచ్చిన చిక్కు. ఆమె నాయన చిన్నప్పుడు పెద్దింటి బావి దగ్గర దోసిలి పట్టి నిలబడ్డ సంగతి ఆమె వింటూ పెరిగింది. పక్కపక్కన కూర్చుని చేయి కడగడం పెద్దవాకిలి పిల్లకు కుదరదు కాబోలు అనుకుంది. మరి జామకాయ? జామకాయ ఎవరూ చూడని చోట. ఇది నలుగురి ముందు. ఆ మాట ఒకసారి మనసులో పడ్డాక ఇక ఊడి రాలేదు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగింది. "నా పక్కన చెయ్యి కడగలేవా నువ్వు?"

రామలక్ష్మి మొహం ఎర్రబడింది. "అది కాదే," అని ఆగిపోయింది. ఏదో చెప్పబోయి, మింగి, "నీళ్లయితే పోస్తాండా కదా," అంది.

ఆ సాయంత్రం జయమ్మ బస్సులో వెనక సీటుకు పోయింది. రామలక్ష్మి వెనక్కి తిరిగి చూసింది. కొంచెం జరిగి, పక్కన చోటు చేసింది కూడా. జయమ్మ కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చుంది. దప్పికతో రామలక్ష్మి పెదవులు ఎండి ఉన్నాయని కనిపించినా, కనిపించనట్టే ఉంది. ఆ తర్వాత చదువు అయిపోయేదాకా ఇద్దరూ ఒకే బస్సులో వేరే వేరే సీట్లలో పోయారు. పరీక్షలైన ఏడాదే రామలక్ష్మికి నంద్యాల ఎరువుల అంగడి వాళ్లబ్బాయితో పెళ్లి అయింది. పెళ్లికి పిలుపు వచ్చింది. జయమ్మ పోలేదు.

ఎనభై ఆరు వచ్చేసరికి జయమ్మ ఆళ్లగడ్డ దగ్గరి బడిలో టీచరు. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆఫీసు పని మీద నంద్యాల పోతుంది. కాలేజీ వైపు మాత్రం పోదు. చెట్లు ఎండిపోయి ఉంటే చూడటం తన వల్ల కాదు, పెరిగి ఉంటే అంతకన్నా కాదు. జామకాయలు కొంటుంది, ఒకతే తింటుంది. ఎందరితోనో మాట్లాడుతుంది కానీ, మాట మధ్యలో రామలక్ష్మి అయితే దీనికి ఏమనేదో అనుకోకుండా ఒక్క రోజూ గడవదు.

ఆ ఏడు వానలు మోసం చేశాయి. బడి మొక్కలకు నీళ్లు లేవంటే జయమ్మ పాత ఉపాయమే పెట్టింది. మొదట తనే చేసి చూపిద్దామని, తిన్న చేయి పట్టుకుని గేటు పక్క చిన్న వేపమొక్క దగ్గర కూర్చుంది. చెంబు వంచబోతుంటే తోటి టీచరు రంగనాయకమ్మ వచ్చి మణికట్టు పట్టుకుంది.

"ఏందమ్మా ఇది, యాపచెట్టుకు ఎంగిలి నీళ్లు పోస్తాండావు?"

"పోస్తే ఏమాయ?"

"అమ్మవారు గదా తల్లీ. మా ఇండ్లల్లో యాప మొదట్లో ఉమ్మి కూడా ఎయ్యరు. అమ్మ పోసినప్పుడు ఆ మండల మీదే గదా పండబెట్టేది. ఆ కానుగకు పోసుకో, ఎవురొద్దన్నారు?"

రంగనాయకమ్మ మామూలుగా చెప్పి, మామూలుగా పోయింది. జయమ్మ చేతి మీద అన్నం ఎండిపోయేదాకా అక్కడే కూర్చుంది. కాలేజీలో అన్నీ కానుగలే. వేపలు రెండే. ఆ రెండోది తనే ఏరి, ముద్దుగా, రామలక్ష్మి చేతిలో పెట్టింది. చర్చి పక్క పెరిగిన తనకు వేప అంటే పళ్లు తోముకునే పుల్ల, అంతే. అమ్మోరికి చేయి ఎత్తి మొక్కుకునే పిల్ల, స్నేహితురాలి మాట తీసేయలేక, దాని మొదట్లో ఎంగిలి పోయలేక, తాగే నీళ్లు పోసి ఎండిన నోటితో ఇంటికి పోయింది.

శనివారం జయమ్మ నంద్యాల పోయింది. ఈసారి నేరుగా కాలేజీకి. కానుగలు కొన్ని పోయాయి, కొన్ని బాగానే ఉన్నాయి. పడమటి గోడ పక్కన రెండు వేపలూ మిద్దె ఎత్తు పెరిగి ఒకదాని కొమ్మల్లోకి ఒకటి చొచ్చుకుపోయాయి. ఎవరో కొత్త పిల్లలు ఆ నీడలో కూర్చుని క్యారియర్లు విప్పుకుంటున్నారు. జయమ్మ సంచిలోంచి నీళ్ల సీసా తీసింది. అంత చెట్టుకు ఆ నీళ్లు ఏ మూలకు వస్తాయని ఆలోచించకుండా, మొత్తం రామలక్ష్మి చెట్టు మొదట్లో వంచింది.

అక్కడి నుంచి ఎరువుల అంగడి దాకా నడిచింది. మెట్లెక్కేసరికి నాలుక అంగిట్లో అంటుకుపోయింది. వసారాలో రామలక్ష్మి అత్త చేటలో కందిపప్పు ఏరుతోంది. లోపలి నుంచి వచ్చిన రామలక్ష్మి గడపలోనే ఆగిపోయింది. కొంచెం లావయింది. కళ్లు అవే.

"కాలేజీకి పోయొచ్చినా," అంది జయమ్మ. "మన చెట్లు బాగుండాయి."

"తెలుసు. చూస్తానే ఉంటా."

"యాపచెట్టు అమ్మవారని నాకు చెప్పుంటే నేనే కానుగ తెచ్చిచ్చేదాన్ని గదనే."

రామలక్ష్మి గడప దాటి ఇవతలికి వచ్చింది. "ఎట్ల చెప్పేది? ఎంగిలి అనే మాట అనాల గదా. మీవోళ్లను ఆ మాట ఎంతమంది అనింటారో నాకు తెలీదా? నీ మొగాన ఆ మాట ఎట్ల అనేది, జయా?"

జయమ్మకు ఏడుపు వచ్చింది. ఇన్నేళ్లు ఏ మాట అనిపించుకున్నానని కుమిలిపోయిందో, ఆ మాట అనకూడదనే ఆ పిల్ల నోరు కట్టుకుంది. ఇన్నేళ్లు. ఎన్ని బస్సులు, ఎన్ని ఎండలు, ఎన్ని జామకాయలు పోయాయి మధ్యలో!

"దప్పిగ్గా ఉంది, లచ్చిమీ," అంది చివరికి.

రామలక్ష్మి చెంబు నిండా నీళ్లు తెచ్చింది. జయమ్మ అలవాటు ప్రకారం చెంబు పైకెత్తి, పెదవికి తగలకుండా పోసుకోబోయింది.

"ఎత్తి తాగొద్దు," అంది రామలక్ష్మి. "కరుచుకోని తాగు."

చేటలో పప్పు చప్పుడు ఆగిపోయింది. జయమ్మ అత్త వైపు చూసింది. రామలక్ష్మి చూడలేదు. జయమ్మ చెంబు అంచు పెదవులకు ఆనించి సగం తాగింది. రామలక్ష్మి ఆ చెంబు చేతిలోంచి తీసుకుని, తడి ఉన్న వైపే పెదవి పెట్టి, మిగతా నీళ్లు తాగింది.