పదమూడు చుక్కల దారి

శుక్రవారం ఖాళీ పెట్టెతో వస్తానని మా అక్క ఆనందమ్మ పలమనేరు నుంచి ఫోన్ చేసింది. ఆ పెట్టెలో నా బట్టలు సర్ది, నన్ను తనతో తీసుకుపోతుందట.

కారణం నేను రోడ్డు మీద పడటం. పొద్దున నడకకి వెళ్లినప్పుడు వెనక ఆటో హారన్ కొట్టింది. నేను చటుక్కున వెనక్కి తిరిగాను, నా కుడి మోకాలు తిరగలేదు. పడ్డది ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోయించుకున్న ఇసుక కుప్ప మీద. దెబ్బ తగల్లేదు. ఆ ఇసుక ఎవరిదో కనుక్కుని వెళ్లి థాంక్స్ చెప్పి వచ్చాను. ఆ మాట అక్కతో చెప్పడమే నా తప్పు.

"ఒరే సుందరా, నీకు అరవై ఎనిమిది. డాక్టరు దినామూ అరగంట నడవమన్నాడు. రోడ్డున నడిస్తే పడతావు, ఇంట్లో కూర్చుంటే షుగరు ఎక్కుతాది. ఈడికొచ్చెయ్. మా కొట్టం చుట్టూ ఆవుల ఎంబడి నడుద్దువు."

"అవి నాకంటే నిదానం గదక్కా."

"అవి పడవు గదరా!"

అదీ నిజమే. కానీ చిత్తూరులో ఈ ఇల్లు నా భార్య పంకజాక్షీ నేనూ కలిసి కట్టుకున్నది. మాకు పిల్లల్లేరు. ఆమె పోయి రెండేళ్లయింది. అయినా ఈ ఇంట్లో ఏ స్విచ్ ఏ లైటుదో నా చేతికి తెలుసు. కొళాయి ఎంత తిప్పితే కారదో తెలుసు. ఇవి మూటగట్టి పలమనేరు తీసుకెళ్లేవి కావు.

"ఇంటి ఆవరణలోనే నడిచే దారి వేయించుకుంటానక్కా. నలభై అడుగుల నేల ఊరికే పడి ఉండాది," అన్నాను.

"వేయించుకో. శుక్రవారం ఆ దారిలో అరగంట నడిచి చూపించు. పడకుండా, పట్టుకోకుండా, మధ్యలో కూర్చోకుండా. చూపిస్తే నీ ఇల్లు నీది. లేకుంటే పెట్టె."

ఆదివారం సాయంత్రం నర్సరీకి వెళ్లి అడిగితే ధనంజయను పంపించారు. ముప్పై ఏళ్లుంటాయి. సొంతంగా ఒప్పుకున్న మొదటి పని నాదేనట. మునిప్రసాద్, సుబ్బన్న అని ఇద్దరిని తెచ్చుకున్నాడు. నాలుగో మనిషి కుప్పమ్మ, అతని మేనత్త. పూతలపట్టు నుంచి పొద్దున మొదటి బస్సుకి వచ్చి సాయంత్రం నాలుగు బస్సుకి వెళ్లిపోయేది.

నేను ముప్పై రెండేళ్లు పాలిటెక్నిక్‌లో డ్రాయింగ్ చెప్పినవాణ్ని. గ్రాఫు కాగితం మీద ప్లాను గీసి ధనంజయకి ఇచ్చాను. గేటు నుంచి వెనక గోడ దాకా తిన్నటి దారి ఒకటి, దానికి అటూ ఇటూ పూలమడులు. అతను కాగితాన్ని మర్యాదగా నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీయలేదు.

సోమ, మంగళవారాలు వయ్యారిభామ మొక్కలూ, ముళ్లకంపా, పగిలిన కుండీలూ తీసేయడంతోనే గడిచాయి. మధ్యాహ్నం అందరికీ నేనే వండాను. ఒక్కడికి వండుకునేటప్పుడు రాని ఉత్సాహం అయిదుగురికి వండేటప్పుడు వచ్చింది. కుప్పమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు ఆలోచించింది.

"సామీ, సాంబారు బాగుండాది. ఉప్పు కూడా ఏసుంటే ఇంకా బాగుండు."

వరండాలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ వరండాలో అంతమంది నవ్వి చాలా కాలమైంది.

మంగళవారం కుప్పమ్మ బస్సుకి వెళ్లిపోయాక ధనంజయా నేనూ దారం పట్టి, సంచిలోంచి ముగ్గుపిండి తీసి, ప్లాను ప్రకారం నేల మీద తెల్లగీతలు పోశాం. గీతలు తీగ లాగినట్టు వచ్చాయి. చాలా సంతోషించాను.

బుధవారం నాకు తిరుపతిలో కళ్ల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు. నెల ముందు తీసుకున్నది, మార్చడానికి లేదు. గేటుకి తాళం వేయకుండా తెల్లారకముందే బస్సెక్కాను. తిరిగి వచ్చేసరికి మూడయింది.

గేటు దగ్గర మునిప్రసాద్, సుబ్బన్న పారలు భుజాన పెట్టుకుని నిలబడి ఉన్నారు. ముఖాల్లో పరీక్ష రాసి బయటికి వచ్చిన కుర్రాళ్ల కళ.

"ఐపోయింది సార్," అన్నాడు సుబ్బన్న. "సానా కష్టమైన ప్లాను సార్ మీది."

లోపలికి చూశాను. నా తిన్నటి దారి లేదు. ఆవరణ అంతా మెలికలు మెలికలుగా కాలవ తవ్వి ఉంది. జానెడు లోతు, రెండడుగుల వెడల్పు. ఒక మెలిక ఇంకో మెలికని దాటుకుంటూ, చుట్టుకుంటూ, విడిపోతూ పోతోంది. డాక్టరు కళ్లలో చుక్కల మందు వేసి పంపించాడు కాబట్టి కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాను. మెలికలు పోలేదు.

అప్పుడే ఇటుకల ట్రాక్టరు వచ్చి ఆగింది. ధనంజయ దూకాడు. పైన ఇటుకల మీద కుప్పమ్మ కూర్చుని ఉంది.

"ఒరే! ఏందిరా ఇది?"

"నువ్వే గదన్నా ఫోన్లో సెప్పింది, తెల్లగీత ఎంబడే తవ్వుకుంటా పోండని," అన్నాడు మునిప్రసాద్.

"నేను పోసింది తిన్నటి గీత గదరా!"

"తిన్నగా యాడుండాది? మేం ఎనిమిదికి వచ్చేటప్పటికే ఇట్లుండె. నేనన్నా, ఇదేందిరా ముగ్గు మాదిరుండాదే అని. సుబ్బన్న మామేమో, సారు డ్రాయింగు సెప్పినోడు, ఆయన గీతలు మనకేం తెలుస్తాయి, తవ్వు అన్నాడు."

సుబ్బన్న పారని రెండో భుజానికి మార్చుకున్నాడు.

అందరం ఒక్కసారే ట్రాక్టరు పైకి చూశాం. కుప్పమ్మ దిగలేదు.

"నేనే సామీ," అంది. "ఆరుకే బస్సు దింపేసింది. మీరు లేరు. వాకిలి ఊడవకుండా ఉండాది. పొద్దెక్కతా ఉంటే అట్లాంటి నేలని సూస్తా ఎట్లా కూర్చునేది? పిండి ఎవురో ఒలకబోసుకున్నారనుకుంటి. ఊడ్సి, నీళ్లు సల్లినా. సంచిలో శానా పిండి ఉండె."

"ఉంటే? ఇంత ముగ్గా అత్తా!" అన్నాడు ధనంజయ.

"మా ఇంటి ముందర రెండడుగులు దాటితే కాలవేరా. అయిదు సుక్కలు పెడితే ఆరోది కాలవలో పడతాది. ఇంత నేల సూసేటప్పటికి సెయ్యి ఊరుకోలేదు. పదమూడు సుక్కలు, అడుగులు కొలుసుకోని పెట్టినా. పూర్తయ్యేటప్పటికి నువ్వు రోడ్డున హారన్ కొట్టి, ఇటుకలకి పోదాం రా అంటివి. లోపలికొచ్చి సూసినావా నువ్వు?"

ధనంజయ చూడలేదు. అదే అతని బాధ. తల పట్టుకున్నాడు. "ఇదంతా పూడ్సి మళ్లా తవ్వాలంటే రెండు దినాలు. ఎల్లుండే సార్ వాళ్లక్క వచ్చేది. సార్ని తీసకపోతాది. మొదటి పనే ఇట్లయిపాయ."

నాకు కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది. ఏమైనా అనేస్తానేమోనని లోపలికి వెళ్లి రెండు గ్లాసుల నీళ్లు తాగాను. తర్వాత నష్టం ఎంతో చూద్దామని మిద్దె ఎక్కాను.

పైనుంచి చూస్తే అది నష్టంలా లేదు.

ముప్పై రెండేళ్ల అలవాటు కొద్దీ గీత ఎక్కడ మొదలైందో వెతికాను. గేటు దగ్గర పట్టుకుని, వేలు గాలిలో కదుపుతూ దాని వెంట పోయాను. గీత చుక్కల మధ్య దూరి, చుట్టి, దాటి, ఎక్కడా తెగకుండా మళ్లీ గేటు దగ్గరికే వచ్చింది. చెయ్యెత్తకుండా గీసిన ఒకే గీత. దారం లేదు, స్కేలు లేదు. మా సెకండియర్ కుర్రాళ్లు కాంపస్ ఇచ్చినా ఇంత బాగా వేసేవాళ్లు కాదు.

పంకజాక్షి రోజూ ముగ్గు వేసేది. నేను కాలేజీకి పోతూ దాని పక్కగా నడిచి, "ఎడమవైపు మెలిక చిన్నదైంది," అనేవాణ్ని. "నువ్వు తిరిగొచ్చేలోపల అందరూ తొక్కి సమానం చేస్తారులే," అనేది. ఆమె పోయాక ఈ వాకిట్లో ముగ్గు పడలేదు. పడకపోవడం నేను గమనించనే లేదని ఆ మిద్దె మీద గమనించాను.

కిందికి దిగాను. మగవాళ్లు ముగ్గురూ కాలవ పక్కన నిలబడి ఉన్నారు, కుప్పమ్మ ఇంకా ఇటుకల మీదే ఉంది. గేటు దగ్గర కాలవలోకి దిగి నడక మొదలుపెట్టాను.

"సారూ, పైలం," అన్నాడు సుబ్బన్న.

దారి నన్ను నిదానంగా తిప్పుకుంటూ పోయింది. ఎక్కడా చటుక్కున తిరిగే పని లేదు. మోకాలు ఏమీ అనలేదు. నూట యాభై రెండు అడుగులు వేశాక మళ్లీ గేటు దగ్గర ఉన్నాను, ముఖం ముందుకే ఉంది, కాళ్లు రెండో చుట్టులోకి వెళ్లిపోయాయి.

అప్పుడు లెక్క వేసుకున్నాను. నా తిన్నటి దారి నలభై అడుగుల పొడవు, అంటే ఇరవై అంగల నడక. అరగంటలో వందకు పైగా సార్లు వెనక్కి తిరగాలి. నన్ను రోడ్డు మీద పడేసిందే ఒక్కసారి వెనక్కి తిరగడం! గ్రాఫు కాగితం మీద పెన్సిలుకి మోకాళ్లుండవు కాబట్టి నాకు తట్టలేదు. శుక్రవారం అక్క కళ్ల ముందు పదో మలుపులోనే కూలబడి ఉండేవాణ్ని.

నవ్వొచ్చింది. నడుస్తూనే నవ్వాను.

"సామికి ఎండ తగిలిందేమో సూడండ్రా," అంది కుప్పమ్మ పైనుంచి.

"ధనంజయా, ఇటుకలు దించు," అన్నాను. "దారి ఇదే. కుప్పమ్మా, నువ్వూ దిగు. ముగ్గు తొక్కుతున్నాను, తప్పేం లేదు కదా?"

"తొక్కేదానికే గదా సామీ ఏసేది," అంటూ దిగింది. "బియ్యప్పిండైతే సీమలన్నా తినుండు. ఇది రాళ్లపొడి, వాటికి ఈ పొద్దు పస్తే."

గురువారం ఆ పని కుప్పమ్మ చేతిలోకి పోయింది. ధనంజయ ఇటుకలు నిలబెట్టి అంచు కడుతుంటే, వెనక నిలబడి, "ఆడ మెలిక సన్నమాయ, ఇంకో ఇటుక జరుపు," అనేది. "మేస్త్రీ ఎవరు సార్, నేనా, మా అత్తా?" అని అతను నన్ను అడిగాడు. ఇద్దరూ నా ముఖం చూశారు కాబట్టి నేను అన్నం వడ్డించడానికి లేచాను. ఆ రోజు ఉప్పు మరిచిపోలేదు. రెండుసార్లు వేశాను.

దారి నిండా ఎర్రమట్టి పోసి, తడిపి, దిమ్మిస కొట్టారు. చుక్కకొక మొక్క చొప్పున నందివర్ధనం, మందారం, కరివేపాకు, కనకాంబరం, అలా పన్నెండు నాటారు. నట్టనడుమ చుక్కలో ఏం పెడదామని కుప్పమ్మని అడిగాను. చాలాసేపు చీర కొంగు మెలిపెట్టింది.

"అది ఖాళీగా ఇడిసిపెట్టండి సామీ. ఎప్పుడన్నా ఈ పక్కకొస్తే ఓ ముగ్గేసుకోని పోతా."

శుక్రవారం పదింటికి అక్క కారు దిగింది. డెబ్బై నాలుగేళ్లు, ఇంకా నాకంటే నిటారు. వెనక డ్రైవరు చేతిలో పెద్ద పెట్టె. పని ముగిసినా ధనంజయ వాళ్లు నలుగురూ వెళ్లకుండా గోడ పక్కన నిలబడి ఉన్నారు.

అక్క ఆవరణ చూసింది. "ఏందిరా ఇది? మనుషులకా, పాములకా?"

"నడిచి చూపిస్తా, టైం చూసుకో."

"నువ్వు మోసం చేస్తావు. నేనూ ఎనకనే వస్తా." చెప్పులు విడిచింది.

ముందు నేను, వెనక అక్క. మొదటి చుట్టంతా నా కాళ్లనే చూసింది. రెండో చుట్టులో కాళ్లు వదిలేసి మొక్కల్ని చూసింది.

"ఈ కరివేపాకు ఇందాక చూసినాం గదరా?"

"చూసినాం. మళ్లా చూస్తాం."

నాలుగో చుట్టుకి తన కపిల ఆవు ఈనిన కథ ఎత్తుకుంది. ఆరో చుట్టుకి దూడ లేచి నిలబడింది. ఎనిమిదో చుట్టుకి పాల సొసైటీవాళ్లతో తగాదా మొదలైంది. ఒకచోట దారులు దాటుకునే దగ్గర కాస్త వెనకబడిన ఆమెకి నేను ఇంకో మెలికలోంచి ఎదురుపడితే, "ఒరే, నువ్వు ఎదురెట్లా వచ్చినావు?" అని ఆగిపోయింది. గోడ దగ్గర కుప్పమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నలభై నిమిషాలాయమ్మా," అని అరిచాడు ధనంజయ. ఫోను చేత్తో పట్టుకుని అతనే టైం చూస్తున్నాడు.

అక్క నిలబడింది. నన్ను కిందినుంచి పైదాకా చూసింది. నేను దేన్నీ పట్టుకోలేదు, ఎక్కడా కూర్చోలేదు. కొంచెం చెమట పట్టింది, అంతే.

"ఎవరు గీసినారు ఈ దారి? నువ్వైతే కాదు. నీకు తిన్నగా తప్ప రాదు."

కుప్పమ్మని చూపించాను. అక్క ఆమె దగ్గరికి వెళ్లి రెండు చేతులూ పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. "మా కొట్టం ముందర ఇంతకు నాలుగింతలు నేల ఉండాది. వస్తావా?"

"ఆవులు తొక్కవా అమ్మా?"

"తొక్కేదానికే గదా."

డ్రైవరు వరండాలోంచి అడిగాడు. "అమ్మా, పెట్టె కార్లోకి ఎత్తేదా?"

"వద్దు, లోపల పెట్టు. బరువు పైలం."

ఖాళీ పెట్టెకి బరువేమిటని తెరిచి చూశాను. అక్క చీరలు నాలుగు, నెయ్యి డబ్బా, పాలకోవా పొట్లం, ఆమె మాత్రలు.

"చూస్తావేందిరా? దారి బాగుంటే నాలుగు దినాలు ఉండి పోదామని తెచ్చుకుంటి. బాగలేకుంటే అవి తీసి నీ బట్టలు సర్దుదును."

మర్నాడు నేను లేచేసరికే ఆవరణలో మాటలు వినిపించాయి. పని లేకపోయినా కుప్పమ్మ మొదటి బస్సుకి దిగి, నడిమి చుక్కలో వంగి ముగ్గు పెడుతోంది. అక్క ఆమె చుట్టూ తిరుగుతోంది.

"రా రా, సోమరీ," అంది నన్ను చూసి. "నాకిది మూడో చుట్టు."