స్టవ్ మీద పాల మరక

రాజ్యశ్రీకి మనుషుల మీద నమ్మకం పోయి రెండేళ్లయింది. జర్మనీలోని ఆకెన్ ఊళ్లో తనకున్న రెండు గదుల ఫ్లాట్‌ని మంచాలు, గిన్నెలతో సహా అద్దెకిస్తుంది. వచ్చేది ఇన్సూరెన్స్ వాళ్లు పంపే కుటుంబాలే. పాడైన సొంతిల్లు బాగయ్యేదాకా ఉండి వెళ్లాలి. అలా వచ్చిన ఒకాయన ఇక కదలనని భీష్మించుకు కూర్చుంటే, కోర్టు చుట్టూ తిరిగి ఖాళీ చేయించేసరికి ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది.

అందుకే, ఇప్పుడుంటున్న భానుప్రియ ఇంకో నాలుగు వారాలు పొడిగించమని అడగ్గానే ఒళ్లు మండింది. గోడలో నీళ్ల పైపు పగిలి వాళ్లిల్లు నానిపోయిందట, ఆరు వారాలైనా నేల ఆరలేదట. ఆరలేదో, ఆరనివ్వడం లేదో! స్విచ్‌బోర్డు చూడాలని వంక పెట్టుకుని శుక్రవారం మధ్యాహ్నం వెళ్లింది.

భానుప్రియ కూతురు, ఐదేళ్ల హారిక, తలుపు తీసి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. "దస్ ఇస్ట్ మైన్ త్సిమ్మర్!" ఇది నా గది అని జర్మన్‌లో గొప్పగా చూపించింది. నీ గది ఎప్పుడైందే, అనుకుంది రాజ్యశ్రీ. వంటింట్లోకి తొంగి చూస్తే స్టవ్ మీద మాడిన పాల మరక, అంచున పసుపు కుంకుమ బొట్లు.

జర్మన్ యజమాని అయితే తుడవమని చెప్పి ఊరుకునేవాడు. రాజ్యశ్రీ తెలుగు మనిషి, పాలెప్పుడు పొంగిస్తారో బాగా తెలుసు. నాలుగు రోజులుండి పోయేవాళ్లు గృహప్రవేశం చేస్తారా? పాతుకుపోదామనే! కాఫీ పెడతానంటున్నా వినకుండా కిందికొచ్చి, కార్లో కూర్చుని ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ కొట్టింది. పొడిగించను, ఒకటో తేదీ నుంచి వేరేవాళ్లకిచ్చుకోండి అని.

జర్మనీలో దేనికైనా పదిరోజులకి జవాబొస్తుంది. దీనికి పది నిమిషాల్లో వచ్చింది. వంటిల్లు కాలిపోయిన కుటుంబానికి ఫ్లాట్ ఖాయం చేశారట, పాతవాళ్లకి ఊరి బయట హోటల్లో గది చూస్తారట.

అంతలో భానుప్రియ కారు దగ్గరికి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"స్టవ్ చూసి కోపమొచ్చిందా అక్కా? తోమేస్తానులెండి."

"పాలెందుకు పొంగించావ్ భానూ?" ఉండబట్టలేక అడిగేసింది రాజ్యశ్రీ.

"మా ఇంట్లో దిగినరోజు ఆఫీసుకి టైమైపోతోందని పొంగించలేదక్కా. పైపు పగిలిన దగ్గర్నుంచీ మా అత్తయ్యగారు ఫోన్ చేసినప్పుడల్లా అదే సాధింపు. పోయిన వారం మీ బాత్రూం పైపు టకటకమంటే నా గుండె గుభేలుమంది. మా పీడ మీ ఇంటికి తగలకూడదని అప్పటికప్పుడు పొంగించేశా."

 రాజ్యశ్రీకి సిగ్గుతో మొహం వేడెక్కింది. ఒక్క నిమిషం, కంపెనీ వాళ్లతో మాట్లాడొస్తానని కారు దిగి పక్కకెళ్లి ఫోన్ చేసింది. ఆ కుటుంబానికి మాటిచ్చేశాం, ఇక మార్చలేమని అవతలివాళ్లు మర్యాదగానే చెప్పారు.

"ఒప్పుకున్నారా అక్కా? లేకపోతే ఎక్కడికో దూరం పోయి, హారికని ఇక్కడి కిటా బడి మాన్పించాల్సొస్తుంది. ఇప్పుడిప్పుడే ఏడవకుండా వెళ్తోంది."

"నాకేం అభ్యంతరం లేదమ్మా," అంది రాజ్యశ్రీ. "కంపెనీ వాళ్లే కుదరదంటున్నారు."

భానుప్రియ మొహం వాడిపోయింది. ఆ మాటని మాత్రం ఒక్క క్షణం కూడా అనుమానించలేదు.

"మీరు మాత్రం ఏం చేస్తారక్కా," అంది. "మా కోసం ఫోన్ చేసి అడిగారు, అదే చాలు."