ఎడమకు ఒత్తిగిలి

మెదడులో నరం చిట్లి ఐదు నెలలైంది. ఒక్‌బున్‌కు మాట లేదు, వేలు కూడా కదలదు. కళ్లు మాత్రం తెరిచే ఉంటాయి. ఎడమ తుంటి మీద పడక పుండు. మొదట ఎర్ర మచ్చ, తర్వాత బొబ్బ, ఇప్పుడు కోడిగుడ్డు పట్టేంత గుంట.

"ఇది మూసుకుంటే బతుకుతుంది," అంది నర్సు కొలబద్ద తుడుస్తూ. "లేకపోతే చీము ఎముకకి చేరుతుంది. గొట్టంలో పోసే ఆహారంలో ప్రోటీన్ పెంచాం, గాలి పరుపు వేశాం, షుగరు అదుపులోనే ఉంది. ఆ తుంటి మీద బరువు పడకపోతే చాలు. మరి ఎడమకి ఎవరు పడుకోబెడుతున్నారమ్మా?"

ఆ ప్రశ్న వోల్‌సన్‌కు. పొరుగు దేశపు యెన్‌బ్యన్ నుంచి జీతానికి వచ్చి, రాత్రింబవళ్లూ రోగి పక్కనే ఉండి చూసుకునే మనిషి ఆమె.

"నేను కుడికే పడుకోబెడతాను. వీపు వెనక దిండు కూడా పెడతాను. మళ్లీ చూసేసరికి ఎడమకి ఉంటుంది."

"దయ్యం తిప్పుతోందా?"

"దయ్యమైతే నాకూ కాస్త సాయం చేసేది. డైపర్లు మార్చొచ్చుగా."

ఒక్‌బున్ భర్త ప్యో కిల్‌సు నవ్వలేదు. వాండో దగ్గరి చిన్న దీవిలో నలభై ఏళ్లు కిమ్ అనే తినే సముద్రపు పాచి పెంచినవాడు. రోజూ పడవ దిగి, బస్సెక్కి ఆసుపత్రికి వచ్చి, మంచానికి కుడివైపు తలుపు దగ్గర కూర్చుంటాడు. వచ్చేటప్పటికి ఆమె ముఖం అతనివైపే ఉంటుంది. దగ్గు వచ్చి తల తిప్పి, మళ్లీ చూస్తే తెల్లజుట్టు, మెడ వెనక ఎముక. కదిలిన చప్పుడు ఉండదు. దిండు నలగదు.

నర్సు వెళ్లాక వోల్‌సన్ గొంతు తగ్గించింది. "పెద్దాయనా, ఒక మాట. అలలు లేచి మీరు రాని మూడు రోజులూ ఈమె పెట్టినచోట పెట్టినట్టే ఉంది. ఏం చేశారేంటి ఈమెని?"

ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఒక్‌బున్ తల్లి ఎదుటి దీవిలో చనిపోయింది. అవి పాచి కోసే రోజులు. ఒక్‌బున్ వెళ్తానంటే కిల్‌సు పడవ ఇవ్వలేదు. కూతురు లేకుండానే అంత్యక్రియలు జరిగిపోయాయి. ఆనాటి నుంచి ఒక్‌బున్ వండింది, పాచి వలలు ఎత్తింది, పిల్లల్ని పెంచింది, అతనున్న గదిలోనే పడుకుంది. వీపు మాత్రం అతనికే పెట్టింది.

మర్నాడు కుర్చీని ఎడమవైపు కిటికీ దగ్గరికి మార్చుకున్నాడు. కళ్లజోడు తుడుచుకునేంతలో ఆమె కుడికి తిరిగిపోయింది.

పుండు మానసాగింది. అడుగున ఎర్రటి కొత్త కండ గింజలు గింజలుగా పైకొచ్చింది. నర్సు కొలబద్ద మీద ఐదు సెంటీమీటర్లు మూడయ్యాయి, మూడు రెండయ్యాయి. సాయంత్రం అతను వెళ్లాక వోల్‌సన్ ఆమెను వెల్లకిలా తిప్పేది. భార్యను బతికిస్తున్నది తన మీది అసహ్యమేనని అతనొక్కడికే తెలుసు. రోజంతా ఆ మెడ వంక చూస్తూ కూర్చునేవాడు.

కుర్చీ మార్చిన రెండో నెలలో ఒక మధ్యాహ్నం ఓర్చుకోలేకపోయాడు. "ఒక్‌బున్. ఆ రోజు పడవ ఇవ్వాల్సింది. తప్పు నాదే."

కళ్లు తుడుచుకుని చూస్తే ఆమె అతనివైపు తిరిగి ఉంది. రెప్పల కింద తడి.

"మిమ్మల్నే చూస్తోంది," అంది వోల్‌సన్. గంటలు గడిచాయి. ఆమెను కదపడానికి ఇద్దరికీ మనసు రాలేదు.

తర్వాత కుడికి తిప్పినా నిలవలేదు. కుర్చీని తలుపువైపు మార్చినా ఆమె మారలేదు. కొత్త కాపురంలో అతనివైపు అలాగే ఎడమకు ఒత్తిగిలి పడుకునేది. నాలుగో రోజుకు కొత్త కండ నల్లబడింది. గదిలో వాసన మొదలైంది. నర్సు కొలబద్ద బయటికి తీయలేదు.

"ఇంకో వారం ఇలాగే ఉంటే..." అని ఆపేసింది.

కిల్‌సు వోల్‌సన్‌ను కాఫీ తాగిరమ్మని పంపాడు. కుర్చీని మళ్లీ కిటికీ దగ్గరికి లాక్కున్నాడు. ఆమె చూపు మెత్తగా అతని మీదే నిలిచి ఉంది. చెవి దగ్గరికి వంగాడు.

"చచ్చిన మనిషి ఎక్కడికీ పోదు," అన్నాడు, ఆనాటి మాటే, ఆనాటి గొంతుతోనే. "పాచి కుళ్లిపోతుంది. నోరు మూసుకుని కోతకి పద."

కళ్లు మూసుకున్నాడు. ఈసారి దుప్పటి కదిలిన చప్పుడు వినిపించింది.

వోల్‌సన్ తిరిగొచ్చేసరికి అతను పుండు కట్టు మీద దుప్పటి బరువు పడకుండా సర్దుతున్నాడు.

"అయ్యో, మళ్లీ అటు తిరిగిందేం? నిన్నటిదాకా బాగానే ఉన్నారుగా?"

"తిరగనీ," అన్నాడు కిల్‌సు. "రేపు పెందలాడే వస్తాను."